రైతు, కౌలుదారు, పాలేరు: ఆంగ్ల సమానార్థకాల ఎంపికలో అర్థభేదాలు

ప్రవేశిక

తెలుగు–ఆంగ్ల నిఘంటువులు 'రైతు' అనే ఆరోపానికి సాధారణంగా ఒకటికి మించిన ఆంగ్ల పదాలను ఇస్తాయి. రయత్, ఫార్మర్, పెజెంట్, కల్టివేటర్, అగ్రికల్చరిస్ట్ వాటిలో ముఖ్యమైనవి. ఈ పదాల నడుమ ఉండేది కామా ఒక్కటే. ఒకదాని స్థానంలో మరొకదానిని వాడుకోవచ్చునన్న భావాన్ని ఆ కామా కలిగిస్తుంది. అనువాదకుడు దానిని నమ్మి, వాక్యంలో ఏది ఇంపుగా ఉంటే దానిని ఎంచుకుంటాడు. ఒకే పదం పదేపదే వస్తే విసుగు పుడుతుందని ఒకచోట ఫార్మర్ అని, మరొకచోట పెజెంట్ అని, ఇంకొకచోట కల్టివేటర్ అని రాయడం కూడా కద్దు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప సాగు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని చూస్తే ఈ పదాలు ఒకదానికొకటి బదులు కావని తేలుతుంది. ఆ మైదానంలో భూమి పట్టా ఒకరి పేరున ఉంటుంది. పెట్టుబడి మరొకరు పెడతారు. పత్తి తీసేది, మిరపకాయ కోసేది వేరొకరు. ఈ ముగ్గురిలో 'రైతు' ఎవరన్న ప్రశ్నకు ఊరు ఒక సమాధానం చెబుతుంది, రెవెన్యూ కార్యాలయం మరొకటి చెబుతుంది, చట్టం వేరొకటి చెబుతుంది. ఆంగ్ల పదాన్ని ఎంచుకోవడమంటే ఈ సమాధానాలలో ఒకదాని పక్షం వహించడమే. ఆ ఎంపికకు ఆధారాలేమిటో, పొరపాటు ఎక్కడ జరుగుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పదం, ఐదు ప్రశ్నలు

పైన పేర్కొన్న ఆంగ్ల పదాల పుట్టుకను చూస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క సంబంధం నుండి పుట్టిందని స్పష్టమవుతుంది.

'రయత్' అన్నది 'రైతు'కు తోబుట్టువు. రెండింటికీ మూలం అరబ్బీ 'రఇయ్యత్'. మంద అన్న అర్థం నుండి పాలితులు, ప్రజలు అన్న అర్థానికి ఆ పదం విస్తరించింది. ఈస్టిండియా కంపెనీ పాలనలో రైత్వారీ పద్ధతి ఏర్పడిన తరువాత, ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే వ్యక్తిగా దీని అర్థం స్థిరపడింది. కనుక ఈ పదం అడిగే ప్రశ్న ఒక్కటే: శిస్తు కట్టేది ఎవరు?

'పెజెంట్' అన్నది దేశం, ప్రాంతం అన్న అర్థంగల ఫ్రెంచి పదం నుండి ఏర్పడింది. పల్లెసీమకు చెందినవాడన్నది దాని తొలి అర్థం. ఐరోపా సామాజిక చరిత్ర దానికి వర్గవాచకమనే గౌరవాన్నిచ్చింది. సామాన్య వ్యవహారంలో మాత్రం నాగరికత తెలియనివాడన్న ఈసడింపు కూడా దానిని అంటిపెట్టుకొనే ఉంది. ఇది ఏ వర్గంవాడని అడిగే పదం.

'ఫార్మర్' చరిత్ర మరింత ఆసక్తికరమైనది. మధ్యయుగ లాటిన్‌లో 'ఫిర్మా' అంటే ముందుగా స్థిరపరచిన చెల్లింపు. ఆ చెల్లింపుకు పన్ను వసూలు హక్కునో, భూమినో తీసుకున్నవాడు తొలినాటి ఫార్మర్. అంటే పుట్టుకలో ఈ పదం మన కౌలుదారుకే దగ్గరిది. నేటి భారతీయ ఆంగ్లంలో ఫార్మర్ అనగానే సొంత పొలమున్నవాడు, పంట పండించి అమ్ముకునేవాడు స్ఫురిస్తాడు. కౌలుకు చేసేవాడిని చెప్పవలసివస్తే ముందు 'టెనెంట్' అని విశేషణం చేర్చవలసివస్తున్నది. పంట ఎవరిది, అమ్మకం ఎవరిది అన్నవి ఈ పదం అడిగే ప్రశ్నలు.

'కల్టివేటర్' పనిని బట్టి వచ్చిన పేరు. దున్నేది ఎవరన్నదే దాని ప్రశ్న. భారత జనగణన ఈ పదాన్ని ఎంచుకొని, సొంత భూమినే గాక ప్రభుత్వం నుండి గాని ఇతరుల నుండి గాని డబ్బుకో, ధాన్యానికో, వాటాకో తీసుకున్న భూమిని సాగుచేసేవారిని కూడా ఇందులో చేర్చింది. నిర్వచనం దృష్ట్యా ఇది న్యాయమైన పదమే. అయితే తెలుగు పల్లెల్లో నేడు 'కల్టివేటర్' అంటే ట్రాక్టరుకు తగిలించే గొర్రు. జనగణన మనిషికి ఇచ్చిన పేరు పొలంలో పనిముట్టుకు స్థిరపడింది.

'టెనెంట్' లాటిన్ ధాతువును బట్టి 'పట్టి ఉంచుకొన్నవాడు'. భూమిని ఎవరి నుండి పొందాడన్నది దాని ప్రశ్న.

ఈ ఐదు ప్రశ్నలకూ ఒకే వ్యక్తి సమాధానం కాగలిగిన ఊళ్లో ఐదు పదాలూ పర్యాయాలే. సొంత మూడెకరాలలో తానే దున్ని, తానే శిస్తు కట్టి, తానే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకొనే వ్యక్తి విషయంలో ఏ పదం వాడినా పెద్ద నష్టం లేదు. సమాధానాలు వేర్వేరు మనుషులైన చోట పదాలు విడిపోతాయి. పత్తి, మిరప మైదానంలో అవి విడిపోయే చోట్లే ఎక్కువ.

ఎరిగి ఎంచుకున్న ఒక ఉదాహరణ

ఈ పదాల మధ్య భేదాన్ని గుర్తించి వాడినవారిలో ఆచార్య ఎన్.జి. రంగా ప్రముఖులు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో జన్మించిన రంగా ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. తెలుగులో ఆయన ఉద్యమాలన్నింటికీ 'రైతు' అన్న ఒక్క మాటే చాలింది. ఇతర భాషలలోకి వెళ్లినప్పుడు ఆ మాట సందర్భాన్ని బట్టి మారింది. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల శిక్షణకు స్థాపించిన రైతాంగ విద్యాలయానికి ఆంగ్లంలో 'పెజెంట్స్ ఇన్‌స్టిట్యూట్' అని పేరు. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత సంస్థ 'కిసాన్ సభ' అయింది. 1951లో ఆయన స్థాపించిన పార్టీ 'కృషికార్ లోక్ పార్టీ'. 1957 నాటి ఆయన ఆంగ్ల గ్రంథం ప్రపంచ 'పెజెంట్రీ' పేరున వెలువడింది.

పెజెంట్ అన్న పదంలోని ఈసడింపు ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన రంగాకు తెలియనిది కాదు. అయినా ఆ పదాన్నే పదేపదే ఎంచుకోవడంలో ఒక ఉద్దేశం కనిపిస్తుంది. రయత్ అంటే రైతు ప్రభుత్వానికి శిస్తు బకాయిదారుగా మాత్రమే కనిపిస్తాడు. ఫార్మర్ అంటే వ్యాపారిగా కనిపిస్తాడు. పెజెంట్ అంటే తూర్పు ఐరోపాలోని సాగుదారుతో పాటు నిడుబ్రోలు సాగుదారు కూడా ఒకే చరిత్రలో భాగమవుతాడు. విస్తృతమైన ఐక్యతకు ఆ పదం అనువైనది.

ఆ విస్తృతిలోనే దాని పరిమితి కూడా ఉంది. సొంత భూమి గల మోతుబరి, కౌలుదారు, కూలీ ముగ్గురూ పెజెంట్ నీడన ఒకటిగా కనిపిస్తారు. వ్యవసాయ కూలీలకు ప్రత్యేక సంఘాలు కావాలన్న కమ్యూనిస్టుల వాదన ఆ ఐక్యతను ప్రశ్నించింది. వారు 'కూలీ' స్థానంలో 'వ్యవసాయ కార్మికుడు' అన్న పదాన్ని ముందుకు తేవడం, ఆంగ్లంలో 'లేబరర్' స్థానంలో 'వర్కర్' అనడం కూడా పదాల ఎంపిక ద్వారా సాగిన రాజకీయమే. ఉభయ పక్షాలూ పదాలను పర్యాయాలుగా చూడలేదు. వారి గ్రంథాలను, ప్రసంగాలను అనువదించేవారు వాటిని పర్యాయాలుగా చూస్తే ఆనాటి వాదమే కనుమరుగవుతుంది.

కౌలు: మాట, పత్రం, మళ్లీ మాట

'కౌలు' అరబ్బీ 'ఖౌల్' నుండి వచ్చింది. అర్థం మాట, వాగ్దానం. 'దారు' పారసీక ప్రత్యయం, కలిగి ఉన్నవాడని అర్థం. కౌలుదారు అంటే మాటను పట్టి ఉంచుకొన్నవాడు. టెనెంట్ కూడా పట్టి ఉంచుకొన్నవాడే. పట్టుకొన్నది ఏమిటన్న దగ్గర రెండు పదాలూ విడిపోతాయి. టెనెంట్ చేతిలో భూమి ఉంది, కౌలుదారు చేతిలో మాట మాత్రమే ఉంది.

ఇది కేవలం వ్యుత్పత్తి విశేషం కాదు. కంపెనీ కాలపు ఆంగ్లంలో 'కౌల్' అన్న రూపం వాడుకలో ఉండేది. 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు ఆ పదాన్ని నమోదు చేస్తూ లిఖితపూర్వకమైన ఒడంబడికగా, భూమి ఇచ్చే పత్రంగా వివరించింది. అంటే మాటగా పుట్టిన పదం పాలనావ్యవహారంలో పత్రంగా మారింది. నేటి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కౌలు ఒప్పందం సర్వసాధారణంగా నోటిమాట మీదనే సాగుతుంది. పదం మళ్లీ తన పుట్టుకకు చేరింది. కౌలుదారు కష్టమంతా ఆ నోటిమాటలోనే ఉంది. పత్రం లేనందున బ్యాంకు అప్పు పుట్టదు, పంట నష్టపోతే పరిహారం పట్టాదారు పేరున వస్తుంది, మరుసటి ఏడాది అదే పొలం దక్కుతుందన్న భరోసా ఉండదు.

కౌలును ఆంగ్లంలోకి తెచ్చేటప్పుడు 'రెంట్', 'లీజ్' అన్న రెండు పదాలు ఎదురవుతాయి. లీజ్ అనగానే పత్రం, గడువు, షరతులు స్ఫురిస్తాయి. నోటిమాట కౌలును లీజ్ అని అనువదిస్తే లేని భద్రతను ఉన్నట్టు చూపినట్టవుతుంది. రెంట్ అంటే చెల్లింపు మాత్రమే. తెలుగులో ఇంటికి అద్దె, బండికి బాడుగ, భూమికి కౌలు. ఆంగ్లంలో రెంట్ ఒక్కటే ఇంటికీ భూమికీ వర్తిస్తుంది. అందువల్ల 'పొలం రెంట్‌కు తీసుకున్నాడు' అన్న అర్థంలో రాసే ఆంగ్ల వాక్యం భూమిని ఇంటితో సమానం చేస్తుంది. ఇంటి అద్దెలో అకాల వర్షం ప్రసక్తి లేదు. నగదు కౌలులో వానకు తడిసిన మిరప, పురుగు తిన్న పత్తి నష్టమంతా తీసుకొన్నవాడిదే.

ఇక్కడ నగదు కౌలుకూ వాటా పద్ధతికీ భేదం కూడా ముఖ్యం. పంటను భాగాలుగా పంచుకొనే పద్ధతిని కోరు అని, పాలు అని వ్యవహరిస్తారు. కోరులో నష్టం కూడా పంచుకొనబడుతుంది. వాణిజ్య పంటలకు ముందుగా నిర్ణయించిన నగదు కౌలే ప్రధానమైనప్పుడు నష్టం ఒక్కరి మీదే పడుతుంది. 'టెనెంట్' ఈ రెంటికీ సరిపోయే సామాన్య పదం. 'షేర్‌క్రాపర్' కోరుకు మాత్రమే సరిపోతుంది. నగదు కౌలుదారును షేర్‌క్రాపర్ అనడం ఆంగ్లంలో కరుణను పెంచవచ్చు గాని, అతడు మోస్తున్న నష్టంలో సగం భూస్వామి నెత్తిన పెట్టినట్టవుతుంది. మాండలిక భేదాల నిర్ణయానికి 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం నేటికీ ఆధారం. దాని సంపాదకులు భద్రిరాజు కృష్ణమూర్తి ఒంగోలులోనే జన్మించారు.

చట్టం చేసిన ఎంపిక

పర్యాయపదాల ఎంపికలో అతి జాగ్రత్త చూపిన అనువాదకుడు చట్టమే. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 'కల్టివేటింగ్ టెనెంట్' అన్న పదబంధాన్ని వాడింది. అందులో పని, హక్కు రెండూ ఉన్నాయి. 1974 సవరణలు ఆ హక్కును మరింత బలపరచాయి. దాని ఫలితంగా కౌలు కాగితంపై పెడితే భూమి పోతుందన్న భయం యజమానులలో నాటుకొంది. హక్కునిచ్చిన పదమే పత్రాన్ని దూరం చేసింది.

2011లో వచ్చిన చట్టం టెనెంట్ అన్న పదాన్ని తన పేరులో విడిచిపెట్టింది. 'లైసెన్స్డ్ కల్టివేటర్' అని ఆంగ్లంలో, 'అధీకృత సాగుదారు' అని తెలుగులో పేరు పెట్టింది. ఆ కార్డు రుణ అర్హతకే తప్ప భూమిపై హక్కుకు ఆధారం కాదని స్పష్టం చేసింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 'క్రాప్ కల్టివేటర్' అన్నది. తెలుగులో 'పంట సాగుదారు'. పేరులో 'హక్కుల' అన్న మాట ఉన్నా, ఆ హక్కు పంటకే పరిమితం. ఒప్పందానికి భూయజమాని సమ్మతి కావాలి, గడువు పదకొండు నెలలు. టెనెంట్ నుండి లైసెన్స్డ్ కల్టివేటర్‌కు, అక్కడి నుండి క్రాప్ కల్టివేటర్‌కు సాగిన ప్రయాణంలో భూమి క్రమంగా పదం నుండి తొలగింది. మిగిలింది పంట, పని.

ఊరు మాత్రం ఈ మార్పును అనుసరించలేదు. పల్లెల్లో, పత్రికల్లో నేటికీ 'కౌలు రైతు' అనే అంటారు. నిజానికి ఈ మాటలో ఒక న్యాయవాదనే ఇమిడి ఉంది. చట్టం నిరాకరించిన రైతుతనాన్ని ఆ సమాసం తిరిగి ఇస్తున్నది. దానిని కేవలం 'టెనెంట్' అని అనువదిస్తే ఆ వాదన పోతుంది. 'టెనెంట్ ఫార్మర్' అన్నదే సరైన అనువాదం.

రెవెన్యూ భాషలో మరొక పదం ఉంది. అడంగల్‌లో పట్టాదారు పేరుకు పక్కన అనుభవదారు పేరు ఉంటుంది. దానికి ఆంగ్లంలో 'ఎంజాయర్' అని వాడుక. భూమిని స్వాధీనంలో ఉంచుకొని ఫలం పొందేవాడన్న న్యాయపరిభాషలో అది సాధువే. అయినా అప్పు తెచ్చి మిరప వేసి నష్టపోయిన వ్యక్తి ఒక కథలో ఎంజాయర్‌గా ప్రవేశిస్తే పాఠకుడు దానిని వ్యంగ్యంగానే గ్రహిస్తాడు. ఇటువంటి చోట 'ఆక్యుపెంట్' మేలు.

లెక్కల్లో చేరేవారు, చేరనివారు

పదం మారితే లెక్క మారుతుందనడానికి జాతీయ నమూనా సర్వే నిదర్శనం. 2003లో జరిగిన సర్వే 'ఫార్మర్' కుటుంబాలను గుర్తించడానికి భూమి ఉండాలన్న నియమం పెట్టింది. 2013 సర్వే 'అగ్రికల్చరల్ హౌస్‌హోల్డ్' అన్న పదానికి మారి, భూమి నియమాన్ని తొలగించి, సాగు ఉత్పత్తి విలువను ప్రమాణంగా తీసుకుంది. జాతీయ నేర నమోదు సంస్థ ఆత్మహత్యల నివేదికలలో 2014 నుండి రైతులు లేదా సాగుదారులను, వ్యవసాయ కూలీలను వేర్వేరు వర్గాలుగా చూపుతున్నది. 2007 నాటి జాతీయ రైతు విధానం మాత్రం కౌలుదారులను, వాటాదారులను, కూలీలను కూడా ఫార్మర్ నిర్వచనంలో చేర్చింది. 2019లో మొదలైన పీఎం కిసాన్ పథకం పేరులో కిసాన్ ఉన్నా, భూమి గల కుటుంబాలకే వర్తిస్తుంది.

1980ల చివర తెల్లదోమ ఉధృతికి ఈ ప్రాంతంలో పత్తి నాశనమై సాగుదారులు ప్రాణాలు తీసుకొన్నప్పటి నుండి, చనిపోయిన వ్యక్తి రైతా, కౌలుదారా, కూలీనా అన్న ప్రశ్న తలెత్తుతూనే ఉంది. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఒక కుటుంబానికి పరిహారం అందడం, అందకపోవడం ఉంటుంది. ఈ నేపథ్యం గల కథలను ఆంగ్లంలోకి తెచ్చేవారు తమ పదాల ఎంపిక శైలికి సంబంధించిన విషయమని భావించడానికి వీలులేదు.

ఆసామి, పాలేరు: మాలపల్లి

గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో రచించిన 'మాలపల్లి' నవలలో సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య చేతిలోనే అతడు మరణిస్తాడు. వీరిద్దరి సంబంధాన్ని ఆంగ్లంలో చెప్పడానికి పదాలకు కొదవ లేదు: సర్వెంట్, ఫార్మ్ సర్వెంట్, లేబరర్, బాండెడ్ లేబరర్. సర్వెంట్ అంటే ఇంటి నౌకరు. పొలంపని అందులో కనిపించదు. లేబరర్ అంటే రోజుకూలీ అన్న స్ఫురణ కలుగుతుంది. పాలేరుతనం ఏడాది ఒప్పందం, ఇల్లూ పొలమూ కలిసిన చాకిరీ. బాండెడ్ లేబరర్ 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తరువాత నేరాన్ని సూచించే పదమైంది. ఆ చట్టానికి అర్ధశతాబ్దం ముందరి పాత్రకు దానిని వాడితే, సంబంధంలోని చనువు, కట్టుబాటు, హింస మూడూ ఒక నేరనిర్వచనంలో ఇరుక్కుపోతాయి. వలసకాలపు జనగణనలు వాడిన 'ఫార్మ్ సర్వెంట్' నేటి చెవికి పాతదైనా, పాలేరును రోజుకూలీ నుండి వేరు చేసి చూపగల పదం అదే.

ఇక చౌదరయ్య వంటి వ్యక్తికి కోస్తాలో 'ఆసామి' అన్న మాట ఉంది. ఇది కూడా అరబ్బీ నుండి వచ్చిన పదమే. ఉత్తర భారత భూచట్టాలలో అసామీ అంటే కౌలుదారు. 1950 నాటి ఉత్తరప్రదేశ్ జమీందారీ రద్దు చట్టంలో అది ఒక కౌలుదారుల శ్రేణి పేరు. తెలుగులో ఆసామి పెద్ద రైతు. ఒకే పదం రెండు ప్రాంతాలలో భూసంబంధానికి రెండు చివరల నిలిచింది. భారతీయ పాఠకులకు తెలిసిన పదమే కదా అని దీనిని ఆంగ్లంలో యథాతథంగా ఉంచితే, ఉత్తరాది పాఠకునికి యజమాని కౌలుదారుగా కనిపించే ప్రమాదముంది.

మూలపదాన్ని నిలుపుకోవడం పరిష్కారమా?

ఇన్ని చిక్కులున్నప్పుడు రైతు, కౌలు, పాలేరు అన్న పదాలను తెలుగులోనే ఉంచడం మేలన్న వాదన ఒకటి ఉంది. కొన్ని పదాల విషయంలో అది యుక్తమే. కాని చరిత్ర ఒక హెచ్చరిక చేస్తుంది. రయత్, కౌల్ రెండూ ఒకనాడు ఆంగ్లంలో అలా నిలుపుకొన్న పదాలే. మొదటిది శిస్తు లెక్కలలో గడ్డకట్టింది. రెండవది వాడుక నుండి జారిపోయింది. పదాన్ని తరలించినంత మాత్రాన దాని వెనుక ఉన్న సంబంధం తరలిరాదు. పైగా తెలుగు పదం కూడా నిర్దోషి కాదు. ఊరి వాడుకలో 'రైతు' అన్న మాట పొలం ముఖం చూడని పట్టాదారుకు విశేషణం లేకుండానే దక్కుతుంది. పొలంలోనే బతికే కౌలుదారుకు విశేషణంతో దక్కుతుంది. పత్తి తీసే స్త్రీకి దక్కనే దక్కదు, ఆమె 'కూలీ'. మూలపదాన్ని నిలుపుకొంటే ఈ అసమానత కూడా ప్రశ్న లేకుండా నిలుస్తుంది.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, 'రైతు'కు ఆంగ్ల పదాన్ని ఆ వాక్యంలో పనిచేస్తున్న సంబంధాన్ని బట్టి ఎంచుకోవాలి. శిస్తు కట్టేచోట రయత్, అమ్మకం, అప్పు ప్రధానమైనచోట ఫార్మర్, వర్గంగా కదిలినచోట పెజెంట్, దున్నకమే చెప్పదలచినచోట కల్టివేటర్, భూమి మరొకరిదైనచోట టెనెంట్ ఫార్మర్ తగినవి. రెండవది, ఒక పాత్రకు ఒక పదం నిర్ణయమైన తరువాత పునరుక్తి భయంతో దానిని మార్చరాదు. ఫార్మర్ అన్న వ్యక్తినే అదే పుటలో టెనెంట్ అని, మళ్లీ ఫార్మర్ అని రాస్తే, అతడు ఆ పుటలోనే పొలం పోగొట్టుకొని తిరిగి సంపాదించినట్టవుతుంది. పాత్ర నిజంగా భూమి కోల్పోయినచోట మాత్రం పదం తప్పక మారాలి. ఆ మార్పే కథలోని సంఘటన. మూడవది, ద్విభాషా నిఘంటువులు ఈ పదాల నడుమ కామాకు బదులు ఒక్కొక్క పదానికి సంబంధసూచనను, ప్రాంతసూచనను ఇవ్వాలి.

కౌలుదారు దగ్గర ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటను మరో భాషలోకి తీసుకువెళ్లేవారు దానిని నిలబెట్టవలసిన బాధ్యత కలవారు.